డబ్బు అందరిదీ సరే, కాగితం మీద పేరు ఎవరిది?

ఆడవాళ్ల ఆర్థిక ప్రణాళిక అనగానే కనిపించే వ్యాసాలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. ఇరవైల్లో సిప్ మొదలుపెట్టండి, ముప్పైల్లో ఇన్సూరెన్స్ తీసుకోండి, నలభైల్లో పిల్లల చదువు చూసుకోండి, యాభైల్లో రిటైర్మెంట్. ఇందులో తప్పేమీ లేదు గానీ ఆడవాళ్లకని ప్రత్యేకంగా చెప్పింది కూడా ఏమీ లేదు, ఇదే మాట మగవాళ్లకీ చెప్పొచ్చు. మన దేశంలో ఆడవాళ్ల డబ్బుకి సంబంధించిన అసలు చిక్కు వేరే చోట ఉంది. కూతురిగా, ఉద్యోగినిగా, భార్యగా, తల్లిగా, భర్త పోయాక ఒంటరిగా, ఒక్కో దశలో ఆమె పేరు కాగితాల మీద ఒక్కో చోట ఉంటుంది, చాలాసార్లు అసలు ఉండదు. చట్టం చూసేది ఆ కాగితాన్నే. ‘నీది నాది అని ఏముంది, అంతా ఒకటేగా’ అని నడిచిపోయే ఇళ్లలో ఈ సంగతి బయటపడేది చావు దగ్గరో విడాకుల దగ్గరో, అప్పటికి ఎవరూ ఏదీ సర్దుకునే స్థితిలో ఉండరు.

ముందు నాలుగు మాటలు విడదీసి చూద్దాం, గందరగోళమంతా వీటిని కలిపేయడంలోనే ఉంది. ఓనర్ అంటే ఎవరి పేరు మీద ఆస్తి ఉందో వాళ్లు. జాయింట్ హోల్డర్ అంటే ఖాతాలో రెండో పేరు ఉన్నవాళ్లు. ఇందులో కూడా ‘ఈదర్ ఆర్ సర్వైవర్’ అని ఉంటే ఇద్దరిలో ఎవరైనా ఖాతా నడుపుకోవచ్చు, ఒకరు పోయినా రెండోవారికి ఇబ్బంది ఉండదు. అదే ‘జాయింట్లీ’ అని ఉంటే ఇద్దరూ బతికుండగా కూడా రెండు సంతకాలు లేనిదే పైసా కదలదు. ఈ ముక్క పాస్‌బుక్ మొదటి పేజీలోనే ఉంటుంది, చూసేవాళ్లే తక్కువ. నామినీ అంటే ఓనర్ పోయాక బ్యాంకు ఎవరి చేతిలో డబ్బు పెడితే దాని బాధ్యత తీరిపోతుందో వాళ్లు. వారసులంటే ఆ డబ్బు చివరికి ఎవరికి చెందాలో వాళ్లు.

చాలామంది నామినీ, వారసులు ఒకటే అనుకుంటారు. ఒక ఉదాహరణ తీసుకుందాం. భర్త పేరు మీద ఎనిమిది లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది, నామినీ భార్య, ఆయన వీలునామా రాయకుండా పోయారు. బ్యాంకు ఎనిమిది లక్షలూ భార్యకే ఇస్తుంది, అక్కడిదాకా గొడవ లేదు. కానీ హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆ డబ్బులో ఆమెతో పాటు ఇద్దరు పిల్లలకీ, బతికుంటే అత్తగారికీ సమాన వాటా ఉంది, అంటే ఆమె సొంతం రెండు లక్షలే. నామినీ కేవలం డబ్బు అందుకునే చెయ్యి అని సుప్రీంకోర్టు 1984లోనే చెప్పింది, అదీ ఒక జీవిత బీమా కేసులో. 2015లో బీమా చట్టాన్ని సవరించాక లైఫ్ ఇన్సూరెన్స్ వరకు ఇది మారింది: తన ప్రాణం మీద తీసుకున్న పాలసీకి భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రుల్లో ఎవరిని నామినీగా పెడితే డబ్బు నిజంగానే వాళ్లది అవుతుంది. షేర్లు, మ్యూచువల్ ఫండ్ల విషయంలో మాత్రం నామినీ ఓనర్ కాదని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు మళ్లీ స్పష్టం చేసింది. అంటే ఒకే ఇంట్లో, ఒకే మనిషిని నామినీగా పెట్టినా, ఒక కాగితం మీద ఆమె యజమానురాలు, ఇంకో కాగితం మీద కాపలాదారు. 2025 నవంబర్ 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకి నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికెంత శాతమో కూడా రాయొచ్చు. మంచి మార్పే గానీ వారసత్వం ప్రశ్న అలాగే ఉంది.

ఇప్పుడు దశల్లోకి వద్దాం. ఆడపిల్ల పుట్టగానే అందరూ సుకన్య సమృద్ధి ఖాతా గురించి అడుగుతారు. పదేళ్లలోపు పాపకి తెరవాలి, ఏడాదికి లక్షన్నర దాకా కట్టొచ్చు, పదిహేనేళ్లు కట్టాలి, ఇరవై ఒక్క ఏళ్లకి చేతికొస్తుంది. ఖాతా పాప పేరు మీదే ఉంటుంది కాబట్టి మన లెక్కలో దానికి మంచి మార్కులే. కూతురి దశలో దీనికన్నా చాలా పెద్ద సంగతి ఇంకోటుంది, అది నాన్నగారి ఆస్తి.

ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమాన హక్కు 2005 సెప్టెంబర్ 9 నుంచి దేశమంతా అమల్లో ఉంది. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎన్టీఆర్ హయాంలో 1986లోనే ఈ సవరణ తెచ్చింది, కాకపోతే అప్పటికే పెళ్లయిపోయిన కూతుళ్లకి అది వర్తించలేదు. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న పేచీని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది, అక్కర్లేదని. 2004 డిసెంబర్ 20కి ముందే పద్ధతిగా జరిగిపోయిన పంపకాలను మాత్రం తిరగదోడలేరు. తండ్రి స్వార్జితం వేరే కథ, అది ఆయన ఎవరికైనా రాసుకోవచ్చు, రాయకపోతే కూతురికీ సమాన వాటా. ఇంత హక్కు ఉన్నా అది ఎక్కడ పోతుందంటే, తండ్రి పోయిన కొన్నాళ్లకి పుట్టింటికి పిలిచి ‘ఒక్క సంతకం అక్కా, లోను కోసం’ అంటూ పెట్టించుకునే హక్కు విడుదల దస్తావేజులో పోతుంది. ఇష్టపూర్వకంగా వదులుకోవడం ఆమె ఇష్టం, కానీ ఏం వదులుకుంటోందో చదివి వదులుకోవాలి. పసుపు కుంకుమ కింద ఇచ్చామన్న పొలం కూడా అంతే. కౌలు డబ్బులు ఏటా వస్తున్నాయి కదా అని ఊరుకుంటారు, పట్టాదారు పాస్‌బుక్‌లో పేరు మాత్రం అన్నదే ఉంటుంది, తరం మారాక అన్న కొడుకు దగ్గర దాన్ని నిరూపించుకునే భారం ఆమె మీద పడుతుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో పీఎఫ్ నామినీగా అమ్మ పేరు పెడతారు చాలామంది అమ్మాయిలు. పెళ్లయిన రోజున ఆ నామినేషన్ దానంతట అదే చెల్లకుండా పోతుందని తెలిసినవాళ్లు చాలా తక్కువ. పీఎఫ్ నిబంధనల్లో ‘కుటుంబం’ ఏర్పడ్డాక పాత నామినేషన్ రద్దయినట్టే, మళ్లీ కొత్తగా పెట్టాలి. ఆధారపడిన తల్లిదండ్రులు కూడా పెళ్లయిన ఉద్యోగిని కుటుంబంలోకే వస్తారు, కాబట్టి అమ్మకి కొంత, భర్తకి కొంత అని రాసుకోవచ్చు, కానీ రాసుకోవాలి. గ్రాట్యుటీకీ కొత్త నామినేషన్ ఇవ్వాల్సిందే. శుభలేఖలు పంచే హడావుడిలో ఇది గుర్తుండదు, సరే, పెళ్లయిన ఆర్నెల్లకయినా ఆన్‌లైన్‌లో ఓ పది నిమిషాలు కూర్చుంటే అయిపోయే పని.

బంగారం గురించి మన ఇళ్లలో జరిగే చర్చంతా తరుగు గురించే. పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు, స్నేహితులు పెళ్లికి ముందూ తర్వాతా ఆమెకి ఇచ్చిందంతా స్త్రీధనం, దాని మీద హక్కు పూర్తిగా ఆమెదే. అది భర్త దగ్గర ఉన్నా అతను కేవలం దాచిపెట్టినవాడే అని 1985లో, కష్టకాలంలో వాడుకున్నా తిరిగి ఇచ్చి తీరాలని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పులు ఇంత స్పష్టంగా ఉన్నా గొడవల్లో ఆడవాళ్లు తేలిపోయేది ఒక్క చోట: ఏమేం ఇచ్చారో కాగితం ఉండదు. బిల్లులు పుట్టింట్లో బీరువాలో ఉంటాయి, నగలు అత్తగారి లాకర్లో ఉంటాయి, లాకర్ మామగారి పేరు మీద ఉంటుంది. నగల ఫోటోలు, బరువులు, ఎవరు పెట్టారో రాసిన ఒక జాబితా, బిల్లుల కాపీలు అమ్మాయి దగ్గరే ఉంటే చాలు. ఇది అనుమానం కాదు, రేపు ఐటీ వాళ్లు వచ్చినా పనికొస్తుంది. సోదాల్లో పెళ్లయిన స్త్రీకి 500 గ్రాముల దాకా నగలు జప్తు చేయొద్దని 1994 నుంచి ఉన్న సూచన ఒకటుంది, అంతకు మించి ఉంటే లెక్క చెప్పుకోవాల్సిందే.

ఇక ఇల్లు. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో నాకు అన్నిటికన్నా ప్రమాదంగా కనిపించేది ఈ ఏర్పాటు: ఆయన జీతం ఈఎంఐకి, ఆమె జీతం ఇంటి ఖర్చుకి. పాలు, కూరగాయలు, స్కూల్ ఫీజు, పనమ్మాయి జీతం, పండగ బట్టలు, అన్నీ ఆమె ఖాతాలోంచే పోతాయి. పదిహేనేళ్లు తిరిగాక ఆయన పేరు మీద ఇల్లు మిగులుతుంది. కూరగాయలకి దస్తావేజు ఉండదు కదా. మన దగ్గర పెళ్లయ్యాక సంపాదించిన ఆస్తి విడాకులప్పుడు చెరిసగం అనే రూలు లేదు, విదేశీ సినిమాలు చూసి చాలామంది ఉందనుకుంటారు. గోవాలో పోర్చుగీసు కాలం నాటి సివిల్ కోడ్ వల్ల ఉంది, మిగతాచోట్ల ఎవరి పేరు మీద ఉంటే వాళ్లదే. భరణం అడగొచ్చు, గృహహింస చట్టం కింద ఆ ఇంట్లో ఉండే హక్కు అడగొచ్చు, కానీ ఉండే హక్కు వేరు, ఇల్లు సొంతం కావడం వేరు. ఇల్లాలి చాకిరీ వల్లే భర్త ఆస్తి కొనగలిగాడని, అందులో ఆమెకూ సమాన వాటా ఉందని మద్రాస్ హైకోర్టు 2023లో ఒక కేసులో ఒప్పుకుంది. మంచి తీర్పు, కానీ ఒక హైకోర్టు తీర్పు మీద భరోసా పెట్టుకుని ఇరవై ఏళ్ల ప్లాన్ వేసుకోలేం.

దీనికి తోడు ఇంకో తిరకాసు ఉంది. లోను తొందరగా రావాలని భార్యని కో-బారోయర్‌గా, అంటే అప్పులో తోడు సంతకందారుగా పెడతారు, సేల్ డీడ్‌లో మాత్రం ఆమె పేరు ఉండదు. అప్పుడు అప్పు మొత్తానికి ఆమె బాధ్యురాలు, ఆయన కట్టకపోతే ఆమె సిబిల్ స్కోరు కూడా పడిపోతుంది, ఇల్లు మాత్రం ఆమెది కాదు. ఇంటి లోను వడ్డీ మీద పన్ను మినహాయింపు కావాలన్నా ఇంట్లో వాటా ఉండాలి, ఉత్త కో-బారోయర్‌కి రాదు. ఊళ్లలో డ్వాక్రా లోన్ల కథా ఇలాంటిదే: సంఘంలో అప్పు ఆమె పేరు మీద, వారం వారం మీటింగుకి వెళ్లి సంతకం పెట్టేది ఆమె, ఆ డబ్బుతో కొన్న బండి ఆర్సీ మీద ఆయన పేరు. అప్పు ఎవరి పేరు మీద ఉందో ఆ డబ్బుతో కొన్న వస్తువు మీద కనీసం వాళ్ల పేరు కూడా ఉండాలని అడగడంలో అత్యాశ ఏముంది?

పన్ను తగ్గుతుందని భార్య పేరు మీద ఎఫ్‌డీలు వేసే భర్తలకి ఒక మాట. ఆ వడ్డీ తిరిగి భర్త ఆదాయంలోనే కలుస్తుంది, క్లబ్బింగ్ అంటారు. పన్ను మిగలదు గానీ డబ్బు నిజంగా ఆమెకి ఇచ్చినట్టే, కాబట్టి ఆడవాళ్ల వైపు నుంచి చూస్తే వేయనివ్వండి.

అంతగా ఎవరూ చెప్పని ఒక మంచి సంగతి 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం. భర్త తన ప్రాణం మీద టర్మ్ పాలసీ తీసుకునేటప్పుడు ఈ చట్టం కింద తీసుకుంటే ఆ సొమ్ము భార్యాపిల్లల కోసం పెట్టిన ట్రస్టు అవుతుంది, అప్పులవాళ్లు ముట్టుకోలేరు, ఉమ్మడి ఆస్తి పంపకాల్లోకీ రాదు. వ్యాపారం చేసేవాళ్ల ఇళ్లలో, హామీ సంతకాలు పెట్టే అలవాటున్నవాళ్ల ఇళ్లలో ఇది బంగారం లాంటి ఏర్పాటు. పాలసీ తీసుకునే రోజునే అడగాలి, తర్వాత మార్చుకుంటామంటే కుదరదు. దీనికి ప్రీమియం ఏమీ ఎక్కువ కాదు, ఒక ఫారం ఎక్కువ, అంతే.

పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేయాల్సి వచ్చిన దశ గురించి క్లుప్తంగా. చట్టం ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది, అది వాడుకోండి. ఆ తర్వాత మానేస్తే పీఎఫ్ వెంటనే తీసేయకండి. అయిదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది, పెన్షన్ భాగం కూడా తీసేస్తే అప్పటిదాకా చేసిన సర్వీసు లెక్కలోంచి పోతుంది, పెన్షన్‌కి పదేళ్లు నిండాలి మరి. మళ్లీ ఉద్యోగంలో చేరినప్పుడు పాత యూఏఎన్‌తోనే, అంటే అదే పీఎఫ్ నంబరుతో కొనసాగితే ఆ ముక్కలన్నీ కలుస్తాయి. ఆఫీసు ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి సొంత పాలసీ ఒకటి ఉద్యోగంలో ఉండగానే మొదలుపెట్టడం మేలు, అప్పటికే ఉన్న జబ్బులకి మూడేళ్ల దాకా వెయిటింగ్ పీరియడ్ పెట్టొచ్చు వాళ్లు.

భర్త పోయాక మొదటి కొన్ని వారాలు. ఇక్కడ ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. డెత్ సర్టిఫికెట్ కాపీలు కావలసినదానికన్నా ఎక్కువ తీసుకోండి. ఏటీఎం పిన్ తెలుసు కదా అని ఆయన ఖాతాలోంచి డబ్బు తీయొద్దు, తర్వాత మిగతా వారసులతో మాటపడాల్సి వస్తుంది. ఆయన పీఎఫ్ ఉన్న ఉద్యోగి అయితే ఒకటి కాదు, మూడు వస్తాయి: పీఎఫ్ సొమ్ము, వితంతు పెన్షన్, ఈడీఎల్ఐ అనే బీమా. ఈ మూడోదానికి ఉద్యోగి జీతంలోంచి ఏమీ కోయరు, పే స్లిప్‌లో కనపడదు, అందుకే చాలామందికి అది ఉందనే తెలీదు. సర్వీసులో ఉండగా పోతే ఏడు లక్షల దాకా రావచ్చు.

తర్వాత ఆయన పాస్‌బుక్ తెచ్చి మే నెల చివరి ఎంట్రీలు చూడండి. 436 రూపాయలు కట్ అయి ఉంటే అది జీవన్ జ్యోతి బీమా, రెండు లక్షలు. 20 రూపాయలు కట్ అయి ఉంటే సురక్షా బీమా, ప్రమాదంలో పోతే ఇంకో రెండు లక్షలు. ఖాతా తెరిచినప్పుడు ఏదో ఫారం మీద సంతకం పెట్టించుకుని ఉంటారు, ఇంట్లో ఎవరికీ చెప్పి ఉండరు. బ్యాంకు తనంతట తాను ఫోన్ చేసి చెప్తుందని ఎదురుచూడకండి. పాత ఖాతాలేమైనా ఉన్నాయేమో అని అనుమానం ఉంటే, పదేళ్లు కదలని డిపాజిట్లు రిజర్వ్ బ్యాంకు నిధికి వెళ్తాయి, వాటిని ‘ఉద్గమ్’ పోర్టల్లో పేరు కొట్టి వెతుక్కోవచ్చు.

అప్పులవాళ్ల ఫోన్లు కూడా ఇప్పుడే మొదలవుతాయి. ఆయన తీసుకున్న పర్సనల్ లోనుకో, క్రెడిట్ కార్డు బాకీకో ఆమె కో-బారోయర్, హామీదారు కాకపోతే ఆమె సొంత డబ్బులోంచి కట్టాల్సిన పని లేదు. ఆయన వదిలి వెళ్లిన ఆస్తి ఎంతుందో అంతవరకే. ‘మీరు కట్టకపోతే మీ పిల్లల మీద పడుతుంది’ అనేవాడి మాటకి టెన్షన్ పడి మంగళసూత్రం తాకట్టు పెట్టకండి, లోను కాగితం మీద మీ సంతకం చూపించమనండి. అలాగే ఆ కొద్ది నెలల్లో ఏ విడుదల దస్తావేజు మీదా, ఏ పెట్టుబడి మీదా సంతకం పెట్టొద్దు. ఓదార్చడానికి వచ్చినవాళ్లలో ఒక ఏజెంటు తప్పకుండా ఉంటాడు.

మన దేశంలో ఆడవాళ్ల సగటు ఆయుర్దాయం 71.4 ఏళ్లు, మగవాళ్లది 68.6, ఇవి 2016-20 లెక్కలు. దీనికి పెళ్లినాటి వయసు తేడా కలిపితే చివరి ఏళ్లు ఒంటరిగా గడిపేది ఎక్కువగా ఆమే. అందుకే రిటైర్మెంట్ డబ్బంతా ఆయన బతికున్నంత కాలానికే లెక్కేసి ఖర్చుపెట్టడం అన్యాయం. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో భార్యని జాయింట్‌గా పెడితే ఆయన పోయినా ఆమె కొనసాగించుకోవచ్చు. ఇల్లు పిల్లలకి బతికుండగానే గిఫ్ట్ డీడ్ రాసేయాలనుకుంటే, నన్ను చూసుకోవాలి అనే షరతు ఆ దస్తావేజులోనే రాయించండి. చూసుకోకపోతే 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కింద రద్దు చేయించుకోవడానికి అదే ఆధారం. నా ఉద్దేశం అడిగితే, అసలు రాసేయకండి, వీలునామా రాయండి.

వీలునామా ఎందుకంటే, హిందూ స్త్రీ అది రాయకుండా పోతే ఆమె ఆస్తి ఎవరికి పోతుందో చాలామందికి తెలీదు. మొదట పిల్లలకీ భర్తకీ. వాళ్లు లేకపోతే భర్త తరఫు వారసులకి. ఆమెని కన్న తల్లిదండ్రుల వంతు ఆ తర్వాతే. పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చినది మాత్రం, పిల్లలు లేకపోతే, తండ్రి తరఫు వారసులకి తిరిగిపోతుంది. కానీ ఆమె కష్టపడి సంపాదించుకున్నదానికి ఆ మినహాయింపు లేదు. 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఓంప్రకాశ్ వర్సెస్ రాధాచరణ్ కేసు చూడండి. 1955లో పెళ్లయింది, మూడు నెలలకే భర్త పోయాడు, అత్తింటివాళ్లు వెళ్లగొట్టారు, పుట్టింటివాళ్లు చదివించారు, ఉద్యోగం చేసింది, 1996లో వీలునామా లేకుండా చనిపోయింది. ఆమె బ్యాంకు డబ్బు, పీఎఫ్ కోసం తల్లి కోర్టుకెళ్లింది. కోర్టు జాలిపడింది గానీ చట్టం ఇలాగే ఉందంటూ అంతా ఆ భర్త అక్కచెల్లెలి కొడుకులకే ఇచ్చింది. ముస్లిం, క్రైస్తవ స్త్రీలకి వారసత్వ నియమాలు వేరు, వాళ్లు తమ చట్టం ప్రకారం విడిగా అడిగి తెలుసుకోవాలి.

వీలునామాకి స్టాంపు పేపర్ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే తర్వాత వాదించడానికి గట్టిగా ఉంటుంది. తెల్ల కాగితం మీద ఏది ఎవరికో రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టి, వాళ్ల సంతకాలూ తీసుకుంటే చాలు. సాక్షులు ఆ ఆస్తి దక్కేవాళ్లు కాకుండా, మనకన్నా వయసులో చిన్నవాళ్లయి ఉంటే మంచిది. కాగితం ఎక్కడ పెట్టారో ఒకరికి చెప్పండి. రాశాక బ్యాంకులో, డీమ్యాట్‌లో, పీఎఫ్‌లో నామినీల పేర్లు ఒకసారి తీసి వీలునామాతో సరిపోల్చుకోండి. నామినీగా తమ్ముడు ఉండి వీలునామాలో కూతురు ఉంటే, బ్యాంకు తమ్ముడి చేతికే ఇస్తుంది, ఆ కూతురు మేనమామ వెంట తిరగాలి.